పన్నెండు గొర్రెల ఉన్ని

ఇబ్రహీంపట్నంలో ఆ గల్లీ మొదట్లో నిలబడి ఎంకమ్మ ఇల్లెక్కడ అని అడిగితే, “ఏ ఎంకమ్మ? అంచనా ఎంకమ్మనా?” అని ఎదురు ప్రశ్న వస్తుంది. గల్లీలో ముగ్గురు ఎంకమ్మలున్నారు. మిగతా ఇద్దరినీ ఇంటిపేరుతో గుర్తుపడతారు. ఈమెను మాత్రం పనితో గుర్తుపడతారు.

ఎవరింట్లో పెళ్లయినా, పురుడైనా, పెద్దకర్మయినా ముందు ఆమెకే కబురు వెళ్తుంది. ఆమె వచ్చి గడప పక్కన చతికిలబడి, ఎవరెవరిని పిలిచారో పేరు పేరునా చెప్పించుకుంటుంది. పిలిచినవాళ్లలో ఎవరు నిజంగా వస్తారు, ఎవరు అలిగి ఆగిపోతారు, ఎవరు పిల్లాజెల్లా అందరినీ వెంటేసుకొస్తారు అన్నది ఆమెకు కంఠతా వచ్చు. కాసేపు కళ్లు మూసుకుని, “నలభై రెండు కిలోలెయ్యి” అంటుంది. నలభై అనదు, నలభై అయిదు అనదు. పక్కింటి బుచ్చి కూతురి పెళ్లికి వంటాయన ఈ మాట పెడచెవిన పెట్టి అరవై కిలోలు వండాడు. మర్నాడు ఆ అన్నం బర్రెలు తిన్నాయి. పదమూడేళ్లయినా ఎంకమ్మ ఏ విందులో కూర్చున్నా ఆ బర్రెల ముచ్చట తీయకుండా విస్తరి ముందు నుంచి లేవదు.

తక్కెడ అంటే ఆమెకు చులకన. “నా చెయ్యే నా తరాజు” అంటుంది. మంద ఉన్న రోజుల్లో గొర్రె వీపు మీద చెయ్యి పెట్టి నొక్కి, ఎన్ని కిలోల మాంసం పడుతుందో చెప్పేది. పావు కిలో అటో ఇటో అయితే కోసినవాడి కత్తిని తప్పుపట్టేది తప్ప తన చేతిని కాదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. అయితే ఒకటి ఒప్పుకోవాలి, చాలాసార్లు ఆ కుందేలుకు నిజంగానే మూడు కాళ్లుండేవి.

ఆమె పుట్టిల్లు కోహెడ. పదిహేడో ఏట నారయ్యను చేసుకుని ఇక్కడికి వచ్చింది. కురుమల ఇల్లు, ఎనభై గొర్రెల మంద. నారయ్య ఆరడుగుల పైచిలుకు మనిషి. ఆయన పొడుగు వల్ల ఆ ఇంట్లో చాలా వస్తువులు మారాయి. దర్వాజా ఎత్తు పెంచారు. మంచాన్ని వడ్లాయనతో అందరి మంచాల కంటే పొడుగ్గా చేయించారు. అయినా పడుకుంటే ఆయన కాళ్లు జానెడు బయటికే ఉండేవి. కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఎంకమ్మ తెల్లవారి ఇల్లు ఊడుస్తూ ఆ కాళ్లకు తగిలి ఎన్నిసార్లు బిత్తరపోయిందో లెక్కలేదు. లెక్కలేనిది ఆమె జీవితంలో అదొక్కటే.

అంత మనిషికి గొంగడి కూడా అంతదే కావాలి. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరి గొంగడిని వాళ్ల మూరతోనే కొలుస్తారు. మోచేతి నుంచి నడిమి వేలి కొసదాకా ఒక మూర. అలాంటివి ఆరు పొడవు, మూడు వెడల్పు. వానకు తల మీద కొప్పెరగా మడుచుకోవాలన్నా, పడుకున్నప్పుడు పాదాల కింద దోపుకోవాలన్నా ఆ పొడవు ఉండాల్సిందే. పెళ్లయిన ఏడాదే గొంగళ్లు నేసే గోపయ్య వచ్చి, నారయ్యను చెయ్యి చాపమని, నల్ల ఉన్ని తాడుతో కొలిచి మూర మూరకూ ఒక ముడి వేశాడు. ఎంకమ్మ ఆ తాడును పెళ్లి చీర మడతలో దాచింది. నలభై నాలుగేళ్లలో నారయ్యకు అయిదు గొంగళ్లు నేయించింది. అయిదూ ఆ తాడు కొలతే. ఉన్ని లెక్క అంతకంటే సులువు, పది గొర్రెలకు ఒక గొంగడి. కత్తిరించిన ఉన్నిని పిడికిట పట్టి బిగిస్తే చాలు, అది పది గొర్రెలదో తొమ్మిదింటిదో చెప్పేసేది. గోపయ్య మగ్గం మీద ఆమె దారం ఎన్నడూ తక్కువ పడలేదు, ఒక ఉండ మిగలనూ లేదు.

ఇప్పుడు మంద లేదు. చుట్టూ ఉన్న బీళ్లు ప్లాట్లయ్యాయి. చివరి ఏళ్లలో నారయ్య మేత కోసం నాదర్‌గుల్ దాకా తోలుకుపోయేవాడు. అక్కడ విమానం నడపడం నేర్చుకునే పిల్లలు నెత్తి మీద నుంచి పోతుంటే గొర్రెలు చెదిరి, ప్రహరీల మధ్య సందుల్లో దూరేవి. ఒకరోజు తప్పిపోయిన ఇరవై గొర్రెల కోసం మూడు వెంచర్లు తిరిగాడు. ఆ వారమే మందను అమ్మేశాడు. అమ్మే ముందు మాత్రం నల్లగా నిగనిగలాడే పన్నెండింటిని పక్కకు తీసి, ఉన్ని కత్తిరించి తెచ్చి ఎంకమ్మ ముందు పోశాడు.

“ఇగ ఇదే ఆఖరు. నాకో గొంగడి నేయించు,” అన్నాడు.

“పది సాలు గద. పన్నెండెందుకు?”

“ఉండనీయే. ఈసారి తక్కువ పడితే తెచ్చేటందుకు గొర్లు లేవు.”

ఎంకమ్మ ఒక వానకాలమంతా రాట్నం ముందు కూర్చుని ఆ ఉన్ని వడికింది. గొర్రెకో ఉండ చొప్పున పన్నెండు ఉండలు చుట్టి, వేపాకు వేసి గోనెసంచిలో మూతి కట్టింది. పాత గొంగడి ఇంకా గట్టిగానే ఉంది కదా, తొందరేముంది అనుకుంది. ఆ మరుసటేడు నారయ్యకు పక్షవాతం వచ్చింది.

నెల రోజులు దవాఖానలో ఆమె ఆయన పక్కనే ఉంది. ఇంటికొచ్చి చూస్తే దండెం మీది గొంగడిని పురుగు కొట్టేసింది. చేతిలోకి తీసుకుంటే ముక్కలుగా రాలింది. ఏటా రెండుసార్లు మరువకుండా ఎండలో వేసే మనిషి ఆ ఒక్క ఏడు మరిచిపోయింది. ఎవరూ ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. అననందుకే ఆమెకు ఎక్కువ బాధేసింది.

అప్పటి నుంచి నారయ్య ముందర గదిలో ఆ పొడుగు మంచం మీదే ఉంటాడు. ఎడమ వైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది కానీ తెలివికి లోటు లేదు. రెండేళ్లుగా ఎంకమ్మే ఆయనకు ముద్ద కలిపి పెడుతుంది, ఒళ్లు తుడుస్తుంది, పూటపూటకూ పక్క మార్చి పడుకోబెడుతుంది. మందుల డబ్బా, ఫ్లాస్కు, ఉతికి మడిచిన బట్టలు అన్నీ చేతికి అందేలా మంచం మీదే కాళ్ల వైపు సర్ది పెట్టుకుంది. చూసిపోవడానికి వచ్చినవాళ్లు ఆమె ఓపికను మెచ్చుకుంటారు. మెచ్చుకోలు ఆమెకు అక్కర్లేదు, పాలు ఎన్ని గ్లాసులు పోయాలో లెక్క చూసుకుంటుంది.

పోయినేడు చలికాలం వచ్చేసరికి గొడవ మొదలైంది. కొడుకు పరమేష్ పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక గోదాంలో పని చేస్తాడు. తండ్రి కోసం మెత్తటి మింక్ దుప్పటి తెచ్చాడు. “జారిపోతది” అన్నాడు నారయ్య. షోలాపూర్ దుప్పటి తెచ్చాడు. “బరువు లేదు” అన్నాడు. ఎక్కడో ఎగ్జిబిషన్‌లో వెతికి నిజం గొంగడే కొనుక్కొచ్చాడు. నారయ్య మంచి చేత్తో దాని అంచు తడిమి, వాసన చూసి, పక్కకు తోశాడు.

“మన గొర్లయి గావు ఇవి,” అన్నాడు.

కునుకు పట్టినప్పుడల్లా ఆ కుడి చెయ్యి గడ్డం కింద ఏదో వెతుకుతుండేది. అక్కడ ఉండాల్సింది గొంగడి అంచు. ఎంకమ్మ పక్కన కూర్చుని అది చూస్తుండేది. సంచిలో పన్నెండు ఉండలున్నాయి, ఆయనకు గొంగడి లేదు. అందులో తప్పు ఎవరిదో ఆమెకు తెలుసు.

ఈ ఏడు దసరా పోగానే ఆమె సంచి నెత్తికెత్తుకుని గోపయ్య ఇంటికి వెళ్లింది. గోపయ్య వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“బావా, మగ్గమెక్కాలె,” అంది.

“ఏ మగ్గం? గా మగ్గం గుంత మీదనే గద కూసున్న.” గోపయ్య కుర్చీ కింది టైల్స్‌ను మడమతో తట్టాడు. “గుంతుంటే ఇల్లు ఇల్లు లెక్క లేదని కొడుకు పూడిపిచ్చి బండలేసిండు.”

“ఇంకెవ్వలు లేరా?”

“పాలమూరు దిక్కు ఉన్నరంటరు. నీ ఒక్క గొంగడికి ఆళ్లు మగ్గం కట్టరు. నీ ఉన్ని ఆళ్ల ఉన్నిల కలుపుకొని, ఏదో ఒకటి చేతుల పెడ్తరు. నీ ఇష్టం ఇగ.”

ఎంకమ్మ సంచి మళ్లీ నెత్తికెత్తుకుంది. వచ్చేటప్పుడు లేని బరువు పోయేటప్పుడు ఉన్నట్టనిపించింది.

కోడలు భాగ్య ఊరి చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. పొద్దంతా గాజు గొట్టాలూ తూకాలతోనే ఆమె పని. చిన్నప్పుడు హాస్టల్లో ఉండగా వార్డెన్ స్టెల్లా మేడం దగ్గర ఊలు అల్లిక నేర్చుకుంది. ఇంట్లో అందరి తలల మీదా చలికాలం టోపీలు ఆమె అల్లినవే. అత్త సంచి ముందేసుకుని కూర్చోవడం చూసి, కాలేజీ బ్యాగు భుజానికి ఉండగానే పక్కన కూర్చుంది.

“మగ్గం లేకుంటే ఏమాయె అత్తమ్మా. నేను అల్లుత, సూదులతోని.”

“గొంగడి అల్లుతరా ఎవలన్న?”

“గొంగడి గాకుంటే దుప్పటయితది. ఉన్నయితే మనదే గద.”

ఆ చివరి మాట ఎంకమ్మకు పట్టింది. సంచి మూతి విప్పి ఒక ఉండ తీసి కోడలి ఒళ్లో పెట్టింది. భాగ్య దారాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పి చూసి, గరుకుగా ఉన్నా గట్టిగానే ఉందంది. రెండు కొసలా సూదులు, మధ్యలో వైరు ఉన్న పొడుగు సూది ఒకటి తెప్పించింది. అంత వెడల్పు అల్లిక మామూలు సూదుల మీద పట్టదు మరి.

సూది వచ్చిన రోజు భాగ్య ఒక మాట అడిగింది.

“ముందుగాల జానెడు ముక్క అల్లి చూస్త అత్తమ్మా. దాన్ని మా కాలేజీల తూకమేస్త. జానెడుకు ఎంత ఉన్ని పడ్తదో తెలిస్తే, దుప్పటికెంత పడ్తదో లెక్క కట్టొచ్చు. సాలదనుకో, ముందే వెడల్పు తగ్గిచ్చుకుంటం.”

“లెక్క నేను జెప్త గద. పది గొర్లకు ఒక గొంగడి. మనకాడ పన్నెండున్నయి. రెండు మిగుల్తయి, నువ్వు టోపీ అల్లుకో.”

“అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తం గద. ఇది గూడ గంతే.”

“నేను మెతుకు గూడ పట్ట. వాసనతోనే జెప్త.”

భాగ్య నవ్వేసింది. పెళ్లయి ఆరేళ్లయింది, ఆ వాసన తప్పడం ఆమె ఎన్నడూ చూడలేదు. పైగా అత్త అప్పటికే పెట్టె తీసి, చీర మడతలోంచి ముడుల తాడు పట్టుకొచ్చింది.

“ఎన్నేండ్ల కిందటి తాడో. ఒక్కసారి మామను మళ్ల కొలుద్దామా?” అంది భాగ్య.

“నలభై నాలుగేండ్ల సంది ఆయనకు గొంగడి కప్పుతున్న. ఆయన కొలత నాకు తెల్వదా?”

భాగ్య మూడు ముడుల వెడల్పుకు కుట్లు ఎక్కించింది.

రోజూ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, వంట కాగానే నారయ్య మంచం పక్కన చాప మీద కూర్చుని అల్లేది. సూదుల చప్పుడు వింటూ నారయ్య కళ్లు మూసుకునేవాడు. ఉన్ని వాసన గదిలో పరుచుకుంది. ఏ ఉండ ఏ గొర్రెదో తనకు తెలుస్తుందని ఎంకమ్మ చెప్పేది. ఇది కుంటిది, ఇది చెట్టు కనపడితే కొమ్మలందుకునేది, ఇది ఈయన వెంట తప్ప ఎవరి వెంటా పోనిది. నిజంగా తెలుసో లేదో చూడటానికి ఆ గొర్రెలేవీ లేవు కాబట్టి ఇంట్లోవాళ్లు నమ్మారు.

మొదటి ఉండ అయిపోయిన రోజు ఎంకమ్మ తాడు పట్టి చూసింది. ఆమె లెక్క ప్రకారం అర మూర దాటాలి. పావు మూర మీద ఇంకొంచెం వచ్చింది. మొదట్లో అంతేలే అనుకుంది. మూడో ఉండ అయ్యేసరికి, “జర వదులుగ అల్లు బిడ్డా. నీ చెయ్యి మస్తు బిగువు,” అంది. భాగ్య వదులుగా అల్లింది. వదులుగా అల్లినా అంతే వచ్చింది. నాలుగో ఉండ దగ్గర బుచ్చి వచ్చి, అల్లికను ఎత్తి చూసి, “ఇది గొంగడా, మెడకు చుట్టుకునే గుడ్డనా?” అని నవ్వింది. ఎంకమ్మ ఆమెకు బర్రెల ముచ్చట గుర్తుచేసింది. ఆ రోజు మాత్రం ఆ ముచ్చటలో పస లేదు.

ఆరో ఉండ అయ్యింది. మూడు ముడులు దాటాల్సిన అల్లిక రెండో ముడి కూడా అందుకోలేదు. ఆ రోజు నుంచి ఎంకమ్మ చాప పక్కన కూర్చోవడం మానేసింది. సాయంత్రం అయ్యేసరికి ఆమెకు వంటింట్లో ఏదో పని దొరికేది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరేది. తన లెక్క తప్పుతోందని ఆమెకు తెలుసు. ఎక్కడ తప్పుతోందో తెలియదు. తెలియనిదాన్ని అడగడం ఆమెకు అలవాటు లేదు.

భాగ్య కూడా నోరు విప్పలేదు. విప్పితే అత్త అంచనా తప్పిందని చెప్పాలి. ఆ మాట ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ అనలేదు కాబట్టి, ఎలా అనాలో కూడా ఎవరికీ తెలియదు. ఆమె ఒకరోజు కాలేజీ నుంచి స్టెల్లా మేడానికి ఫోన్ చేసింది.

“ముందుగాల ముక్క అల్లి చూసినవా?” అన్నది మేడం మొదటి ప్రశ్న.

“లేదు మేడం.”

“ఎందుకు జూడలే? నేను నేర్పిందే గది గద.”

“మా అత్తమ్మ వాసన చూసి జెప్పింది మేడం.”

స్టెల్లా మేడం నవ్వాపుకుంటున్న గొంతుతో, “సరే, ఎంత దారముంటే గంతే అల్లు. ఆఖరి వరస ముడెయ్యనీకి వెడల్పుకు నాలుగింతలు దారం ఆపుకో. మర్చిపోతే అంతా ఊడిపోతది,” అని చెప్పి పెట్టేసింది.

జనవరి మొదటి ఆదివారం పొద్దున పన్నెండో ఉండ అయిపోయింది. భాగ్య నిమ్మకాయంత దారం మాత్రం పక్కన పెట్టింది.

“ఇది ఆఖరి వరసకు అత్తమ్మా. ఇగ లేదు,” అంది.

ఇద్దరూ కలిసి తాడు పట్టారు. మూడు ముడులు దాటి, నాలుగో ముడికి సగం దూరంలో అల్లిక ఆగిపోయింది. మిగిలిన తాడు నేల మీద పడి ఉంది. పళ్లు తోముకుంటూ వచ్చిన పరమేష్ అది చూసి, “గింతదానికి ఏముందే. దుకాణంల నల్ల ఊలు దొరుకుతది. తెచ్చి కిందికి జాయింట్ చేస్తే అయిపాయె,” అన్నాడు. తల్లి తలెత్తి చూసిన చూపుకు, నోట్లో బ్రష్షుతోనే మళ్లీ వాకిట్లోకి పోయాడు.

“ఒక్క జానెడు ఇప్పి చూపెట్టు,” అంది ఎంకమ్మ.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. అయినా భాగ్య చివరి వరసలో జానెడు మేర కుట్లు జార్చి, దారం తీసి ఇచ్చింది. మెలికలు మెలికలుగా వచ్చిన ఆ దారాన్ని ఎంకమ్మ తొడ మీద పెట్టి సాపు చేసింది. తన జానతో కొలిచింది. మళ్లీ కొలిచింది.

“మగ్గం మీద దారం సీదా పోతది,” అంది మెల్లగా. “ఇదేమో సుట్లు తిరిగి తిరిగి పోతున్నది.”

“అవ్ అత్తమ్మా.”

“జానెడు అల్లికకు మూడు జానల దారం మింగుతున్నది.”

“అవ్.”

“నువ్వు జెప్పినవ్. నేనే ఇనలే.”

ఈ మాట వినాల్సి వస్తుందని భాగ్య ఎన్నడూ అనుకోలేదు. జార్చిన కుట్లను తలవంచుకుని మళ్లీ సూదికి ఎక్కించసాగింది.

ఎంకమ్మకు దుఃఖం వచ్చింది. ఊరంతా నమ్మిన లెక్క తప్పిందని కొంత. అసలు దుఃఖం అది కాదు. తక్కువ పడకూడదనే కదా ఆయన రెండు గొర్రెల ఉన్ని ఎక్కువ కత్తిరించి తెచ్చాడు. ఉన్న గొంగడిని ఎండలో వేయక పోగొట్టింది. రెండోదాన్ని మాట వినక పోగొట్టింది. మూడోదానికి గొర్రెలు లేవు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, సూదినీ అల్లికనూ చూస్తూ కూర్చుంది.

“ఫికర్ జేయకు అత్తమ్మా. మొత్తం ఇప్పి, వెడల్పు తగ్గిచ్చి మళ్ల అల్లుత. రెండు మూరల వెడల్పయితే పొడవు అయిదు మూరలు దాటుతది,” అంది భాగ్య.

“ఎన్ని దినాలు?”

“రెండు మూడు నెలలు.”

“గప్పటికి సలే పోతది. దారం గూడ గరుకుది, ఇప్పితే ఎన్ని తెగుతయో.” ఎంకమ్మ లేచింది. “ముందు ఆయన మీద ఏసి చూస్త. కాళ్లు ఎంత బయటికొస్తయో చూసి, ఎంత తగ్గియ్యాల్నో జెప్త. ఈసారి కండ్లతోని చూసే జెప్త.”

ఇద్దరూ చెరో కొస పట్టుకుని గదిలోకి తెచ్చారు. సూది ఇంకా చివరి వరసకే ఉంది. కుట్లు జారకుండా భాగ్య ఆ కొసను రెండు చేతులతో పట్టుకుంది. దర్వాజాలోంచి ఎండ మంచం సగం దాకా వచ్చింది. నారయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు. ఎంకమ్మ అల్లిక పై అంచును ఆయన మెడ దగ్గర పెట్టి, భుజాల చుట్టూ సర్దింది. కుడి చెయ్యి మెల్లగా బయటికి వచ్చి, గడ్డం కింద అంచు పట్టుకుంది. ముక్కు దగ్గరికి తీసుకుంది.

“మనయే,” అన్నాడు నారయ్య.

“మనయే. సాలలేదు గని మనయే,” అంది ఎంకమ్మ.

ఆమె వీపు మీదుగా, నడుం మీదుగా అల్లికను కిందికి సర్దుకుంటూ కాళ్ల వైపు నడిచింది. సూది ఉన్న అంచు వచ్చి మందుల డబ్బాకు తగిలింది. అడ్డంగా ఉందని డబ్బా తీసి కింద పెట్టింది. ఫ్లాస్కు తీసింది. మడిచిన బట్టలు తీసి భాగ్య భుజాన వేసింది. ఇప్పుడు అంచు అవతల పాదాలు కనిపించాలి. అక్కడ పాదాలు లేవు. ఖాళీ మంచం ఉంది.

ఆమె అంచు ఎత్తి చూసింది. కాళ్లు రెండూ లోపలే, పొట్ట దగ్గరికి ముడుచుకుని ఉన్నాయి. మడమలు పిర్రల దగ్గరున్నాయి.

“జర కాళ్లు జాపయ్యా,” అంది. “ఎంత బయటికొస్తయో చూస్త.”

నారయ్య ఏదో ప్రయత్నం చేసినట్టు ముఖం బిగించాడు. దుప్పటి కింద ఏమీ కదల్లేదు.

“జాపిన్నే గదనే,” అన్నాడు.

ఎంకమ్మ చెయ్యి లోపలికి పెట్టి మోకాలి మీద వేసింది. రోజూ తుడిచే మోకాలే. మెల్లగా కిందికి నొక్కి చూసింది. అది రాలేదు. ఇంకొంచెం నొక్కితే ఆయన మూలిగాడు. ఆమె చెయ్యి తీసేసింది. మందుల డబ్బా, ఫ్లాస్కు, బట్టలు ఉన్న చోటును మోచేతితో కొలిచింది. మూరన్నర. ఆ వస్తువులన్నీ అక్కడ పెట్టింది ఆమే. మొదట డబ్బా ఒక్కటే పట్టింది. తర్వాత ఫ్లాస్కుకు చోటొచ్చింది. ఆ తర్వాత బట్టలకొచ్చింది. చోటు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆమె ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పెళ్లికి వచ్చే ప్రతి మనిషి ఆకలీ చెప్పగలిగిన ఆమె, రోజూ చేతులతో తిప్పి పడుకోబెట్టే మనిషి ఎంత మిగిలాడో చూడలేదు.

భాగ్య సూది కొస పట్టుకుని నిలబడే ఉంది. అత్త వీపు మాత్రమే ఆమెకు కనిపిస్తోంది.

“ఎంత తగ్గియ్యాలె అత్తమ్మా? ఇప్పాల్నా?” అని అడిగింది.

“వద్దు. ముడేసెయ్యి.”

“సరిపోయిందా?”

ఎంకమ్మ అంచును ఆయన పాదాల దాకా లాగి, అక్కడి నుంచి మిగిలినదాన్ని నాలుగు వేళ్లతో కొలిచింది.

“బెత్తెడు మిగిలింది,” అంది.

భాగ్య ఆ మంచం మీదే, ఖాళీగా ఉన్న చోట కూర్చుని, నిమ్మకాయంత దారంతో ఆఖరి వరస ముడి వేసింది. ఆమె సూది తీసేసేదాకా ఎంకమ్మ కదల్లేదు. తర్వాత మిగిలిన ఆ బెత్తెడును ఆయన పాదాల కింద దోపింది.